భిన్న అవసరాలున్న పిల్లలందరినీ ఒకే పాఠంలోకి తేవడానికి సృజనాత్మక సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలి

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఏ ప్రాథమిక పాఠశాలకు వెళ్ళినా మూడో తరగతి గదిలో పిల్లలందరూ ఒకే రకంగా నేర్చుకుంటూ కనిపించరు. నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడి బడిలో తెలుగు చదివే పిల్లలుంటారు. కుప్పం వైపు తమిళంతో పాటు కన్నడం వినిపిస్తుంది. చిత్తూరు, పలమనేరు పట్టణాల్లో ఉర్దూ ఇంటిభాషగా ఉన్న పిల్లలు చాలామంది ఉంటారు. అదే గదిలో నల్లబల్ల మీది అక్షరం ఆనని పిల్లవాడు, పెన్సిల్ పట్టు నిలవని అమ్మాయి, చదవమంటే తలదించుకుని కథ చెప్పమంటే మాత్రం ఆగకుండా చెప్పే పిల్లవాడు కూడా ఉంటారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, అలాంటి పిల్లలకు మిగతా పిల్లలతో కలిపి చదువు చెప్పాలని నిర్దేశించింది. అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టినంత మాత్రాన ఆ పని పూర్తి కాదు. అందరూ ఒకే పాఠంలో పాలుపంచుకునేలా పాఠాన్నే సిద్ధం చేసుకోవాలి.

బొమ్మలు గీయడానికి, వాటిని కదిలించడానికి, గొంతు రికార్డు చేయడానికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో ఆ పని ఎలా చేయవచ్చో ఇక్కడ వరుసగా వివరిస్తాను. ఉదాహరణకు మన ప్రాంతపు పిల్లలందరికీ తెలిసిన తోతాపురి మామిడిని తీసుకుంటున్నాను. బడులు తెరిచే జూన్ నెలలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు మామిడి ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ఏ మతం వారైనా, ఏ భాష వారైనా ఆ దృశ్యం పిల్లలకు కొత్త కాదు. పూత నుంచి గుజ్జు దాకా జరిగే పనిని వరుసగా చెప్పడమే పాఠం.

మొదటి దశ: పాఠం లక్ష్యాన్ని ఒక్క వాక్యంలో రాసుకోండి

ట్యాబ్ చేతిలోకి తీసుకోకముందే, ఈ పాఠం ముగిసేసరికి పిల్లలకు ఏం రావాలో కాగితం మీద రాసుకోండి. "మామిడి పూత నుంచి గుజ్జు వరకు జరిగే పనులను సరైన వరుసలో చెప్పగలగాలి" అన్నది మన లక్ష్యమనుకుందాం. ఈ వాక్యంలో గుండ్రని చేతిరాత లేదు, వ్యాకరణ దోషాలు లేని తెలుగు లేదు, చక్కటి బొమ్మ కూడా లేదు. అవి మరో రోజు పాఠానికి లక్ష్యాలు కావచ్చు. ఈరోజు వరుస చెప్పగలిగిన పిల్లవాడు, దాన్ని నోటితో చెప్పినా, బొమ్మలు పేర్చి చూపినా, తమిళంలో చెప్పినా, లక్ష్యాన్ని చేరినట్లే. లక్ష్యాన్ని, దాన్ని చూపే పద్ధతిని కలిపేయడం వల్లనే రాయలేని పిల్లవాడికి తెలియదన్న ముద్ర పడుతుంది. అమెరికాలో 1984లో మొదలైన కాస్ట్ అనే సంస్థ ఈ ఆలోచనను ఒక పద్ధతిగా రూపొందించింది. పిల్లల్లో ఆసక్తి కలిగించే తీరు, విషయాన్ని అందించే తీరు, నేర్చుకున్నదాన్ని వారు చూపే తీరు, ఈ మూడింటిలోనూ ఒకటి కంటే ఎక్కువ మార్గాలు ముందుగానే ఉంచాలని ఆ పద్ధతి చెబుతుంది.

రెండో దశ: పేరు పెట్టకుండా అడ్డంకిని గమనించండి

ఒక వారం పాటు మామూలు పాఠాలు చెబుతూనే పిల్లలను గమనించి, ఎవరికి ఎక్కడ అడ్డు పడుతోందో చిన్న నోటు పుస్తకంలో రాసుకోండి. "మందబుద్ధి", "శ్రద్ధ లేదు" వంటి మాటలు ఆ పుస్తకంలో ఉండకూడదు. "మ, య అక్షరాలను తారుమారు చేస్తున్నాడు", "ద, ధ, థ తేడా పట్టలేకపోతోంది", "వత్తు ఉన్న పదం రాగానే ఆగిపోతున్నాడు", "రెండు పనులు ఒకేసారి చెబితే మొదటిదే చేస్తున్నాడు" అని కంటికి కనిపించినదాన్ని కనిపించినట్లు రాయండి. సాఫ్ట్‌వేర్‌లో ఏ సౌకర్యం వాడాలో తేల్చేది ఈ వాక్యాలే. వైకల్యం ఉందో లేదో నిర్ధారించడం ఉపాధ్యాయుల పని కాదు. అనుమానం ఉంటే మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలోని ఐఈఆర్‌పీ (సమ్మిళిత విద్యలో సాయపడే ప్రత్యేక ఉపాధ్యాయులు) గారిని పిలిచి మాట్లాడండి. వారు ఆ పిల్లవాడితో ఇదివరకే పనిచేస్తూ ఉంటే, ఏ సంజ్ఞకు స్పందిస్తాడో, ఏ చప్పుడుకు బెదురుతాడో మీకు ముందే చెప్పగలరు.

మూడో దశ: సాఫ్ట్‌వేర్ ఒకటి, మహా అయితే రెండు

యాప్‌లు ఎన్ని ఉంటే అంత మంచిదన్న ఆలోచన ప్రాథమిక తరగతిలో పనికిరాదు. ప్రతి కొత్త యాప్‌లో బటన్లు మారతాయి, వాటిని గుర్తుపెట్టుకోవడానికే పిల్లల శక్తి ఖర్చవుతుంది. అందరి కంటే ఎక్కువ నష్టపోయేది ఎవరి కోసం ఈ ప్రయత్నం మొదలుపెట్టామో ఆ పిల్లలే. ఒక విద్యా సంవత్సరానికి రెండు చాలునని నా గట్టి అభిప్రాయం.

మొదటిది టక్స్ పెయింట్. 2002 నుంచి అందుబాటులో ఉన్న ఈ బొమ్మల సాఫ్ట్‌వేర్ 3 నుంచి 12 ఏళ్ళ పిల్లల కోసం తయారైంది. పాత విండోస్ కంప్యూటర్‌లోనూ, లినక్స్‌లోనూ, ఆండ్రాయిడ్‌లోనూ నడుస్తుంది. బొమ్మ దాచేటప్పుడు ఫైలు పేరు అడగదు, కాబట్టి చదవడం రాని పిల్లలు కూడా తమ బొమ్మను తామే దాచుకుని మళ్ళీ తెరవగలరు.

రెండోది స్క్రాచ్ జూనియర్. ఇందులో బొమ్మ (పాత్ర) ఏం చేయాలో చెప్పే చిన్న బ్లాకులను తెర మీద వరుసగా పేర్చి కథను నడిపిస్తారు. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం, ఎంఐటీ మీడియా ల్యాబ్ పరిశోధకులు 5 నుంచి 7 ఏళ్ళ పిల్లల కోసం దీన్ని రూపొందించి 2014లో విడుదల చేశారు. దీని బ్లాకుల మీద మాటలుండవు, గుర్తులే ఉంటాయి. అందువల్ల తెలుగు చదవలేని పిల్లవాడూ, ఇంగ్లీషు రాని పిల్లవాడూ ఒకే స్థాయిలో మొదలుపెడతారు. మన దగ్గర ఈ వయసు దాటిన మూడు, నాలుగు తరగతుల పిల్లలకు కూడా ఇది బాగా పనికొస్తుంది. దీనికి ఫోన్ తెర చాలదు, ట్యాబ్ కావాలి. ఒకసారి ఎక్కించాక రెండింటికీ ఇంటర్నెట్ అవసరం లేదు.

నాలుగో దశ: తరగతికి ముందే సెట్టింగులు మార్చి పెట్టండి

పాఠం మధ్యలో సెట్టింగులు వెతుక్కుంటూ కూర్చుంటే పీరియడ్ అక్కడే అయిపోతుంది కాబట్టి, ఈ పనికి ముందురోజు సాయంత్రం అరగంట కేటాయించండి. టక్స్ పెయింట్‌తో పాటు టక్స్ పెయింట్ కాన్ఫిగ్ అనే మరో ప్రోగ్రామ్ వస్తుంది. సెట్టింగులన్నీ అందులోనే ఉంటాయి. మౌస్ బటన్‌ను నొక్కి పట్టుకుని లాగలేని పిల్లలకు, ఒకసారి నొక్కితే గీత మొదలై మళ్ళీ నొక్కితే ఆగే ఏర్పాటు అందులో ఉంది. మౌస్ అసలే పట్టలేని వారికి కీబోర్డు మీటలతో బాణం గుర్తును కదిలించే వీలుంది. తెర మీదే కీబోర్డు కనిపించేలా కూడా చేయవచ్చు. బటన్లను పెద్దవి చేస్తే చూపు తక్కువున్న పిల్లలకూ, చేయి వణికే పిల్లలకూ సాయపడుతుంది. శబ్దానికి బెదిరే పిల్లలున్న గదిలో సౌండ్ ఎఫెక్టులను ఆపేయండి.

టక్స్ పెయింట్‌లో ఉపాధ్యాయులు తప్పక నేర్చుకోవలసినది "స్టార్టర్" బొమ్మ. నేపథ్యం పారదర్శకంగా ఉన్న పీఎన్‌జీ బొమ్మను స్టార్టర్ల ఫోల్డర్‌లో పెడితే, ఆ బొమ్మ గీతలు ఎప్పుడూ పైనే నిలుస్తాయి, పిల్లలు వేసే రంగు వాటి కిందికి పోతుంది. ఎంత అడ్డదిడ్డంగా రంగు పూసినా మామిడికాయ ఆకారం చెరిగిపోదు. పెన్సిల్ పట్టు లేని అమ్మాయి తన బొమ్మ చెడిపోయిందని మధ్యలో వదిలేయాల్సిన అవసరం రాదు. శ్రీకాళహస్తి కలంకారీలో కలంతో గీసే నల్లటి రేఖల వంటి మందమైన గీతలతో ఆకు, పూత, కాయ, ట్రాక్టర్ బొమ్మలను మీరే తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్నుతో గీసి, ఫోన్‌తో ఫోటో తీసి, తెల్లటి భాగాన్ని తొలగించి పెట్టుకోవచ్చు. తొలగించడం మీకు కొత్తయితే మీ స్కూల్ కాంప్లెక్స్‌లో కంప్యూటర్ వచ్చిన సహోపాధ్యాయుల సాయం తీసుకోండి. ఒకసారి చేసి పెట్టుకున్న బొమ్మలు ఏళ్ళ తరబడి పనికొస్తాయి.

విండోస్ కంప్యూటర్‌లో విండోస్ మీటను, ప్లస్ మీటను కలిపి నొక్కితే తెర పెద్దదవుతుంది, విండోస్ మీటతో ఎస్కేప్ నొక్కితే ఆ సౌకర్యం ఆగిపోతుంది. ఆండ్రాయిడ్‌లో అక్షరాల పరిమాణం, రంగుల విలోమం, వేలు ఎంతసేపు ఆనితే నొక్కినట్లు లెక్క అన్నవి యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో ఉంటాయి. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మధ్య తేడా పోల్చలేని పిల్లలు, ముఖ్యంగా మగపిల్లలు, తరగతిలో ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. "ఎర్ర బటన్ నొక్కండి" అని కాకుండా దాని ఆకారాన్ని, చోటును చెప్పండి.

ఐదో దశ: మొదటి పీరియడ్‌లో తెర వద్దు

మొదటి పీరియడ్‌లో ట్యాబ్‌లను బీరువాలోనే ఉంచండి. మామిడాకు, పిందె, కాయ తెచ్చి అందరి చేతుల్లోనూ పెట్టండి. ముట్టుకుని, వాసన చూసి, తోటలో తాము చూసిన పని చెప్పమనండి. చూపు లేని పిల్లవాడికి విషయం అందేది ఇక్కడే, మిగతా పిల్లలకూ ఇది నష్టం కాదు. తర్వాత నాలుగు మడతలు పెట్టిన కాగితం ఇచ్చి పూత, పిందె, కోత, గుజ్జు అన్న నాలుగు గళ్ళలో ఏదో ఒక గుర్తు వేయించండి. స్క్రాచ్ జూనియర్‌లో ఒక ప్రాజెక్టుకు నాలుగు పేజీల వరకే వీలుంది కాబట్టి ఈ నాలుగు గళ్ళే రేపటి నాలుగు పేజీలవుతాయి. కాగితం మీద వరుస తేలకుండా తెర ముందు కూర్చోబెడితే పిల్లలు స్క్రాచ్ జూనియర్ తెరవగానే కనిపించే పిల్లి బొమ్మను గంతులు వేయించడంలోనే ఉండిపోతారు.

ఆరో దశ: గొంతుకు మొదటి చోటు ఇవ్వండి, అది ఏ భాషైనా సరే

ఈ పద్ధతి అంతటిలోనూ పిల్లల్లో మార్పు ఎక్కువగా కనిపించేది ఇక్కడే కాబట్టి దీన్ని తొందరగా ముగించకండి. స్క్రాచ్ జూనియర్‌లో ఆకుపచ్చ రంగు బ్లాకులు శబ్దానివి. అక్కడున్న మైకు గుర్తు నొక్కి పిల్లలు తమ మాటను రికార్డు చేస్తే, అది ఒక కొత్త బ్లాకుగా తయారవుతుంది. ఆ బ్లాకును పాత్ర వరుసలో పెడితే పాత్ర ఆ మాట పలుకుతుంది. చదవలేని పిల్లవాడు ఈ ఒక్క మైకుతో కథకుడవుతాడు.

ఇంట్లో తమిళం మాట్లాడే అమ్మాయిని ముందు తమిళంలోనే చెప్పనివ్వండి. "మాంగా" అని మొదలుపెట్టి ఆమె చెప్పే నాలుగు వాక్యాల్లో వరుస సరిగ్గా ఉంటే మన లక్ష్యం నెరవేరినట్లే. తర్వాత జోడీలో ఉన్న తెలుగు పిల్లవాడు అదే మాటను తెలుగులో చెప్పి రెండో బ్లాకుగా రికార్డు చేస్తాడు. ఇద్దరూ రెండు బ్లాకులనూ మార్చి మార్చి వింటారు. మరుసటి వారం అదే అమ్మాయి తెలుగు బ్లాకును తన గొంతుతో తిరిగి రికార్డు చేయడానికి తానే ముందుకు రావచ్చు, అయితే ఆ మాట ఆమె నుంచి రావాలి, మనం తొందరపెట్టకూడదు. సాధ్యమైనంత వరకు కనీసం ఐదో తరగతి దాకా బోధన ఇంటిభాషలో, మాతృభాషలో ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. మూడు భాషలున్న తరగతిలో ఒక్క ఉపాధ్యాయురాలు దాన్ని మాటతో అమలు చేయలేకపోయినా, రికార్డు చేసిన పిల్లల గొంతులతో కొంత వరకైనా చేయగలరు.

ఇంటిభాషలో చదవడానికి కథలు కావాలంటే ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే కథల వెబ్‌సైట్‌లో తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ కథలు నాలుగు చదువు స్థాయిలుగా ఉన్నాయి. ఒకే కథ రెండు భాషల్లో దొరికితే డౌన్‌లోడ్ చేసి పక్కపక్కన తెరవండి. తెలుగు, ఇంగ్లీషు ఎదురెదురు పేజీల్లో అచ్చయిన మన పాఠ్యపుస్తకాలకు అలవాటు పడిన పిల్లలకు ఈ అమరిక వెంటనే అర్థమవుతుంది.

ఏడో దశ: ఒక ట్యాబ్, నలుగురు పిల్లలు

మన బడుల్లో ప్రతి పిల్లకూ ట్యాబ్ ఉండదు, ఈ పనికి ఉండనవసరం కూడా లేదు. నలుగురికి ఒకటి ఇచ్చి, ఒక్కొక్కరికి ఒక్కో పేజీ అప్పగించండి. తన పేజీ వచ్చినప్పుడు ట్యాబ్ ఆ పిల్లల చేతిలోనే ఉండాలి. చురుకైన పిల్లవాడు సాయం పేరుతో వేలు పెట్టి పక్కవారి పని చేసేయడం అన్ని తరగతుల్లోనూ జరుగుతుంది. "నోటితో సాయం చెయ్యి, చేత్తో వద్దు" అన్న నియమం మొదటి రోజే చెప్పి, ప్రతిసారీ గుర్తు చేయండి.

కోత పేజీని ఉదాహరణగా చూద్దాం. పిల్లలు టక్స్ పెయింట్‌లో గీసిన తోట బొమ్మనో, ట్యాబ్‌లోనే గీసిన నేపథ్యాన్నో చూస్తూ ట్రాక్టర్ పాత్రను గీస్తారు. ముందు పసుపు రంగులో ఉన్న పచ్చజెండా బ్లాకు, దాని పక్కన నీలం రంగు కుడివైపు బాణం బ్లాకు పెడతారు. బాణం కింద ఉన్న అంకెను నొక్కి 7 వేస్తే ట్రాక్టర్ ఏడు గళ్ళు ముందుకు పోతుంది. తెర మీద గళ్ళను కనిపించేలా చేస్తే అడ్డంగా 20, నిలువుగా 15 గళ్ళుంటాయి కాబట్టి, ఫ్యాక్టరీ గేటు దాకా ఎన్ని గళ్ళో వేలితో లెక్కపెట్టి అంకె వేయడంలో లెక్కల పాఠం కూడా సాగుతుంది. ఊదా రంగు బ్లాకుల్లో మాట బుడగ ఉంది, నారింజ రంగులో వేగం తగ్గించే బ్లాకు, ఆగే బ్లాకు ఉన్నాయి. ఆగే బ్లాకులో 10 వేస్తే ఒక సెకను. కదలిక వేగంగా ఉంటే చూపు నిలపలేని పిల్లలకు నెమ్మది వేగమే పెట్టండి. తిరిగే బ్లాకులో 12 వేస్తే బొమ్మ పూర్తిగా ఒక చుట్టు తిరుగుతుంది, గడియారం పాఠం వచ్చినప్పుడు ఈ సంగతి మీకు చాలా ఉపయోగపడుతుంది.

వినికిడి లోపమున్న పిల్లలు ఈ బృందంలో ఉంటే, గొంతు బ్లాకు పక్కనే మాట బుడగ కూడా పెట్టాలన్నది అందరికీ నియమం చేయండి. భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి 10,000 పదాల నిఘంటువును విడుదల చేసింది. అందులో మామిడి, చెట్టు, పండు వంటి మాటల సంజ్ఞలు వెతికి తరగతి అంతా కలిసి నేర్చుకోండి. ఆ పిల్లవాడు ఒక్కడే అందరి భాషా నేర్చుకునే బదులు, అందరూ అతని భాషలో నాలుగు మాటలైనా నేర్చుకోవడం న్యాయం.

పూర్తిగా చూపు లేని పిల్లలకు స్క్రాచ్ జూనియర్ అనువైనది కాదని ముందే ఒప్పుకోవాలి, అందులో పనంతా బొమ్మలను చూసి లాగడమే. అలాంటి పిల్లవాడిని శబ్దాల బాధ్యుడిగా నియమించండి. ట్రాక్టర్ చప్పుడు, కాయలు రాలే చప్పుడు, మండీలో వేలం పాట ఎలా ఉండాలో నిర్ణయించి, గొంతుతోనో వస్తువులతోనో పలికించి రికార్డు చేయించేది అతనే కావాలి. ఏ శబ్దం ఏ పేజీలో రావాలో చెప్పేదీ అతనే కాబట్టి, వరుస తెలుసా లేదా అన్నది మనకు స్పష్టంగా తెలుస్తుంది.

తర్వాత ఏం జరుగుతుందో తెలియకపోతే కలత చెందే ఆటిజం ఉన్న పిల్లల కోసం, టక్స్ పెయింట్‌లో "కాగితం, ట్యాబ్, గొంతు, ప్రదర్శన, ఇంటికి" అన్న ఐదు బొమ్మలు వేసి స్లైడ్లుగా ముందురోజే చూపించండి. తెర మెరుస్తూ ఆరిపోయే బొమ్మలు మాత్రం ఎవరి ప్రాజెక్టులోనూ వద్దు, మూర్ఛ ఉన్న పిల్లలకు అవి ప్రమాదం.

ఎనిమిదో దశ: ప్రదర్శన, మూల్యాంకనం

నాడు-నేడు పథకం కింద వచ్చిన స్మార్ట్ టీవీ మీ బడిలో ఉంటే ట్యాబ్‌ను దానికి కలిపి అన్ని బృందాల కథలూ చూపించండి. లేకపోతే పిల్లలు గుండ్రంగా కూర్చుని ట్యాబ్‌ను చేతులు మార్చుకుంటారు. చూసేవారు "బాగుంది" అని ఊరుకోకుండా "కోత తర్వాత ఏమైంది?" వంటి ఒక ప్రశ్న అడగాలి. మూల్యాంకనం మొదటి దశలో రాసుకున్న ఆ ఒక్క వాక్యంతోనే చేయండి. వరుస సొంతంగా చెప్పారా, సాయంతో చెప్పారా, ఇంకా చెప్పలేకపోతున్నారా అన్న మూడు గడులు చాలు. ఏ మార్గంలో చెప్పారో, గొంతా, బొమ్మా, సంజ్ఞా, పక్కన రాయండి. మూడు నెలల తర్వాత ఆ వరుస చూస్తే ఎవరు కొత్త మార్గంలోకి అడుగుపెట్టారో కనిపిస్తుంది. రంగులు, మెరుపులు ఎక్కువున్న ప్రాజెక్టుకు ఎక్కువ మార్కులు వేయాలనిపించడం సహజమే గాని, అలా వేస్తే పరికరం మీద పట్టున్న పిల్లలే ప్రతిసారీ ముందుంటారు.

తొమ్మిదో దశ: దాచడం, అప్పగించడం

పిల్లల ముఖాలు, గొంతులు ఉన్న ఫైళ్ళను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. తల్లిదండ్రుల సమావేశం రోజున ట్యాబ్‌లోనే చూపించండి, ఇంటి భాషలో బిడ్డ చెప్పిన కథ విన్న తల్లి మరునాటి నుంచి బడి పనిలో సాయం చేయడానికి తానే దారులు అడుగుతుంది.

విద్యా సంవత్సరం చివర ప్రతి పిల్లకూ ఒక ఫోల్డర్ ఉంచి, అందులో రెండు మూడు ప్రాజెక్టులతో పాటు అర పేజీ కాగితం పెట్టండి. "ఈ పిల్లవాడికి ఒకసారి నొక్కితే గీత మొదలయ్యే మౌస్ సెట్టింగు కావాలి, సౌండ్ ఆపాలి, ముందు తమిళంలో చెప్పనిస్తే తర్వాత తెలుగులో చెబుతాడు" అన్నంత స్పష్టంగా అందులో రాయండి. ఆ కాగితాన్ని వచ్చే తరగతి ఉపాధ్యాయులకూ, ఒక నకలును భవిత కేంద్రానికీ జూన్ నెలలో బడి తెరవకముందే అందజేయండి.